ఆ ఒత్తులోనే వాళ్ల 'ఇంచు' ఉంది

సంపాదకులు గారికి,
నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ఈశాన్య రాష్ట్రాల భాషలు, టిబెట్, బర్మా భాషల గురించి వచ్చిన వ్యాసం చదివాను. ఆ భాషల మీద తెలుగులో ఎవరు నాలుగు ముక్కలు రాసినా నాకు పండగే. కానీ అందులో రెండు మాటలు నన్ను ఊరుకోనివ్వలేదు. ఇవన్నీ ఒక్క అక్షరం మాటల భాషలనీ, వీటిలో క్రియకు రూపభేదాలుండవనీ, చెప్పుకోదగ్గ వ్యాకరణమే లేదనీ ఒకచోట రాశారు. టిబెటన్ రాతలో పలకని అక్షరాలు దండిగా ఉన్నాయనీ, వాటిని తీసేస్తే పిల్లలకు సుఖమనీ ఇంకోచోట రాశారు. రెండూ పొరపాటే. పైగా మొదటి పొరపాటుకు జవాబు ఆ పలకని అక్షరాల్లోనే ఉంది. ఉత్తరం పొడుగైందని పక్కన పెట్టకుండా వెయ్యమని ప్రార్థన.

నేను పలాసలో ఉంటాను. హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. మా తాతగారు రంగూన్ రేవులో పనిచేశారు. అమ్మమ్మ అక్కడి బజారులో కూరగాయలు అమ్మింది. 1962లో నె విన్ సైనిక ప్రభుత్వం వచ్చి దుకాణాలూ వ్యాపారాలూ జాతీయం చేశాక లక్షల మంది భారతీయులు వెనక్కి వచ్చేశారు కదా, 1964లో వీళ్లూ ఓడెక్కి వచ్చేశారు. ఉత్తరాంధ్రలో ఇలాంటి కుటుంబాలు ఊరూరా ఉన్నాయి. అమ్మమ్మకు బర్మీస్ చదవడం రాదు. మాట మాత్రం బజారు నేర్పింది. ఆవిడ దగ్గర నేను నేర్చుకున్న మాటలతోనే మొదలుపెడతాను.

ధర పడిపోతే బర్మీస్‌లో 'జే చ' అంటారు. జే అంటే ధర, చ అంటే పడు. అదే అమ్మేవాళ్లు ధర తగ్గిస్తే 'జే ఛ'. అన్నం ఉడికితే 'థమిన్ చెక్'. మనం అన్నం వండితే 'థమిన్ ఛెక్'. పువ్వు విచ్చుకుంటే 'ప్విన్', తలుపు తెరిస్తే 'ఫ్విన్'. (ఒత్తు అంటే ఇక్కడ ఖ, ఛ, ఫ పలికేటప్పుడు వదిలే ఊపిరి, అక్షరం కింద రాసే ఒత్తు కాదు. ఫ అంటే ఒత్తు ప. కాఫీలోనూ ఫోన్‌లోనూ మనం పలికే శబ్దం కాదు.) భయపడితే 'చౌక్', భయపెడితే 'ఛౌక్'. చెడిపోతే 'ప్యెక్', చెడగొడితే 'ఫ్యెక్'. చివర క్ అని రాశాను గానీ వాళ్లు దాన్ని గొంతులోనే తుంచేస్తారు. వాళ్ల రాతలో చ, ఛ ఉన్న చోట్ల చాలావాటిలో క్య, ఖ్య ఉంటాయి. అయినా తేడా ఆ ఒత్తుదే.

న, ల వంటి అక్షరాలకు మనం ఒత్తు పెట్టలేం. అక్కడ వాళ్లు ముందు కాస్త గాలి వదిలి పలుకుతారు. మెలకువ వస్తే 'నో', ఎవరినైనా లేపితే 'హ్నో'. తప్పించుకుంటే 'లుట్', విడిచిపెడితే 'హ్లుట్'.

మనకు ఒత్తు అంత ప్రాణం కాదు. అచ్చ తెలుగు మాటల్లో ఒత్తక్షరాలే లేవు, సంస్కృతంతో వచ్చాయి. బాధను బాద అన్నా, కథను కత అన్నా ఎదుటివాడికి అర్థమైపోతుంది. అందుకే చిన్నప్పుడు నేను 'థమిన్ ఛెక్' అనమంటే 'చెక్' అనేదాన్ని. అమ్మమ్మ నా అరచెయ్యి పట్టుకుని నా నోటి ముందే పెట్టేది. "గాలి తగిల్తే నువ్ సేసినట్టు. తగల్లేదంటే దానికదే అయినట్టు" అనేది. బడికి వెళ్లని మనిషి చెప్పిన ఆ మాటను మించిన సూత్రం ఈ విషయం మీద నాకింతవరకు దొరకలేదు.

చేయు–చేయించు, నవ్వు–నవ్వించు, తగ్గు–తగ్గించు. వీటినే బళ్లో ప్రేరణార్థక క్రియలని చెబుతాం. మనకు ఆ పని 'ఇంచు' చేస్తుంది, అది కంటికి కనిపిస్తుంది, చెవికి వినిపిస్తుంది. బర్మీస్‌లో ఆ పని ఊపిరి చేస్తోంది. కళ్లకు కనబడే ప్రత్యయం లేదని వ్యాకరణమే లేదనేస్తే ఎలా? ఇంత సన్నగా పనిచేసే వ్యాకరణం ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే మీ వ్యాసకర్త కూడా ఆ మాట రాసేవారు కాదని నా నమ్మకం.

ఈ భాషలన్నిటికీ మూలమైన భాషలో, క్రియ ముందు ఒక సకారం చేరితే 'చేయించు' అనే అర్థం వచ్చేది. పండితులందరూ దాదాపు ఒప్పుకున్న మాటే ఇది. మన ఇంచు వెనక చేరుతుంది, వాళ్ల స ముందు చేరేది. ఆ స తర్వాత అచ్చు లేకపోవడంతో వెనకున్న హల్లుకు నేరుగా తగులుకుంది. స్ప, స్త, స్క అయ్యాయి. నోటికి ఇవి బరువు. కాలం గడిచేకొద్దీ స పల్చబడి హ అయింది, ఆ హ వెనక హల్లులో కలిసి ఒత్తయింది. స్ప కాస్తా హ్ప, చివరికి ఫ. స్న అయితే హ్న దగ్గర ఆగింది. ఉపసర్గ పోయింది గానీ దాని పని పోలేదు. ఆ పని ఒత్తుకు సంక్రమించింది.

ఇది వింతగా అనిపిస్తే మన పక్కనే ప్రాకృతం ఉంది, చూడండి. సంస్కృతంలో హస్త అన్నది ప్రాకృతంలో హత్థ అయింది. స్కంధ అన్నది పాళీలో ఖంధ. స్పర్శ అన్నది ఫస్స. ఆ ఒత్తులు ఎక్కడివి? సంస్కృతంలో హస్తలోని తకు ఒత్తు లేదే! పోతూ పోతూ సకారం తన ఊపిరిని త మీద వదిలి వెళ్లింది. మనం కంబం అంటున్నామే, అదీ ఈ దారినే వచ్చింది. స్తంభానికి జోడు మాట స్కంభ, అది ప్రాకృతంలో ఖంభ, ఒత్తులు గిట్టని మన నోట్లో కంబం. ఎక్కడి గంగామైదానం, ఎక్కడి ఐరావతి లోయ! చుట్టరికం లేని రెండు భాషా కుటుంబాల్లో ఒకే మార్పు జరిగింది. ఎందుకంటే నోరు అందరికీ ఒకటే. తేడా ఏమిటంటే ప్రాకృతంలో ఆ స ఉత్త శబ్దం, దానికంటూ అర్థం లేదు. బర్మా వైపు ఆ స ఒక ప్రత్యయం. అందుకే అక్కడ శబ్దం మారితే వ్యాకరణం కూడా కొత్త చోటు వెతుక్కోవలసి వచ్చింది.

సకారం ఉండేదని ఎలా తెలుసని అడగవచ్చు. బర్మీస్ ఒక్కదాన్నే చూస్తే తెలియదు. బర్మాలో పగాన్ దగ్గర మ్యాజెడీ శాసనం ఉంది, 12వ శతాబ్దం మొదట్లోది, పాళీ, ప్యూ, మోన్, బర్మీస్ నాలుగు భాషల్లో చెక్కారు. అలాంటి తొలి శాసనాల నాటికే బర్మీస్‌లో ఈ స కరిగిపోయి ఉంది. కానీ చుట్టాలింట్లో ఉంది. బర్మాలోని కాచిన్ కొండల్లో జింగ్‌ఫో మాట్లాడతారు. మన అరుణాచల్, అస్సాంలలోని సింగ్‌ఫోలదీ అదే భాష. బర్మీస్‌లో లుట్–హ్లుట్ అన్నచోట జింగ్‌ఫోలో 'లోట్', 'షలోట్'. లోట్ అంటే విడుదలగు, షలోట్ అంటే విడిపించు. పడు అనడానికి 'ఖ్రాట్', పడవేయు అనడానికి 'జఖ్రాట్'. ష, జ రెండూ ఒకే ఉపసర్గకు రెండు రూపాలు, వెనక ఏ హల్లు ఉందో దాన్ని బట్టి ఒకటి వస్తుంది. అక్కడ ఉపసర్గకు అచ్చు తోడుగా ఉంది కాబట్టి అది వెనక హల్లును అంటుకోలేదు, తానూ అరిగిపోలేదు, దాన్నీ మార్చలేదు. నిలువునా ఒక అక్షరంగా మిగిలింది. ఈ పోలిక నాకు చాలా ఇష్టం. ఒక్క చిన్న అచ్చు ఉండడం, లేకపోవడం రెండు భాషల వ్యాకరణాలను ఇంత దూరం చేసింది.

ఇక టిబెటన్ పలకని అక్షరాల సంగతికి వస్తాను. నా ఆవేదన ఎక్కువగా దాని గురించే.

పలాస నుంచి ఒడిశా కొండల్లోకి వెళితే గజపతి జిల్లాలో చంద్రగిరి ఉంది. 1963 నుంచి అక్కడ టిబెటన్లు ఉంటున్నారు. వాళ్ల మొక్కజొన్న చేలు, జీరంగ్‌లోని పెద్ద పద్మసంభవ విహారం చూడడానికి మా వైపు నుంచి కార్తీకమాసంలో జనం బాగానే వెళతారు. వెళ్లినవాళ్లందరూ అక్కడ రెండు పనులు చేస్తారు. గోడ పొడుగునా ఉన్న మణి చక్రాలను చేత్తో తిప్పుతారు, విహారం చుట్టూ ప్రదక్షిణ చేస్తారు. ఆ చక్రం పేరు ఖోర్లో, ఆ ప్రదక్షిణ పేరు కోరా. ఈ రెండు మాటలూ ఒకే ధాతువు నుంచి వచ్చాయని చూసేవాళ్లకు తెలియదు, విన్నా తెలియదు. రాతలో చూస్తే తెలుస్తుంది. తిరుగు అనే క్రియ 'ఖోర్', దాని నుంచి తిరిగేది ఖోర్లో. చుట్టు, తిప్పు అనే క్రియను 'స్కోర్' అని రాస్తారు, 'కోర్' అని పలుకుతారు. ఆ పలకని సకారమే ప్రేరణార్థకం. ధర్మచక్రాన్ని తిప్పడం అనే మాటలో ఈ రెండూ పక్కపక్కనే వస్తాయి, 'ఛోకీ ఖోర్లో కోర్' అని. తిరిగేదాన్ని తిప్పడం. సంసారాన్ని కూడా వాళ్లు 'ఖోర్వా' అనే అంటారు, తిరుగుడు అని.

విహారంలో ఒక పెద్ద లామా గారిని అడిగితే పలక మీద రాసి చూపించారు. నీళ్లు మరిగితే ఖోల్, మరిగిస్తే స్కోల్. మారితే గ్యుర్, మారిస్తే స్గ్యుర్. ఈ స్గ్యుర్‌కే అనువదించు అనే అర్థం కూడా ఉంది. శతాబ్దాల పాటు సంస్కృతం నుంచి టిబెటన్‌లోకి గ్రంథాలు మార్చిన జాతికి మార్చడమే అనువాదం కావడం సహజం. మునిగితే, సూర్యుడు కుంకితే నుబ్. నామరూపాలు లేకుండా చేస్తే స్నుబ్. వెనక్కి తిరిగితే లోక్, తిరగేస్తే స్లోక్. ఆయన రాసిన ప్రతి జంటలో ఒకదాని నెత్తి మీద స కూర్చుని ఉంది. చదివినప్పుడు ఒక్కసారి కూడా ఆ స వినిపించలేదు.

మరి వినేవాడికి తేడా ఎలా తెలుస్తుంది? ఇక్కడే టిబెటన్ బర్మీస్‌కు ఎదురు నడిచింది. బర్మీస్‌లో చేయించే క్రియకు ఒత్తు వస్తే, లాసా టిబెటన్‌లో చేయించే క్రియకు ఒత్తు పోయింది. ఖోల్ మరుగుతుంది, కోల్ మరిగిస్తుంది. టిబెటన్‌లో స పక్కన ఉన్న క, ప, తలకు ఊపిరి ఉండదు. కాబట్టి స కింద ఉన్న క ఒత్తు లేకుండా నిలిచింది, స లేని ఖ ఒత్తుతో నిలిచింది. తర్వాత స రాలిపోయింది, ఆ తేడా మాత్రం మిగిలిపోయింది. న, ల వంటి అక్షరాల దగ్గర ఇంకో ఉపాయం పట్టింది. వాటి ముందు స ఉన్నప్పుడు గొంతు బిగిసి శ్రుతి కాస్త పైకి లేచేది. స పోయాక ఆ శ్రుతే మిగిలింది. ఇప్పుడు లాసాలో లోక్ అని కింది శ్రుతిలో అంటే తిరుగు, పై శ్రుతిలో అంటే తిరగెయ్యి. అక్షరం ఒకటే, శ్రుతి వేరు. ఇంచు పని చివరికి శ్రుతి చేతికి వచ్చింది!

ఈ సంగతి ఈమధ్య కనిపెట్టింది కూడా కాదు. జర్మనీలో లైప్‌జిగ్ పండితుడు ఆగస్ట్ కాన్రాడీ 1896లోనే ఈ ప్రేరణ రూపాలకూ శ్రుతిభేదాలకూ ఉన్న లంకె మీద ఒక పుస్తకమే వేశాడు. ఆయన చెప్పినవన్నీ నిలబడలేదు గానీ, శ్రుతుల పుట్టుక వెనక రాలిపోయిన ఉపసర్గలున్నాయన్న చూపు నిలబడింది.

టిబెటన్ లిపి 7వ శతాబ్దంలో పుట్టింది. అప్పుడు ఎలా పలికేవారో ఆ రాత అలా పట్టుకుంది. ఆ రాత అబద్ధం కాదనడానికి సాక్ష్యం లదాఖ్, బల్టిస్తాన్‌లలో ఉంది. లాసా నోట్లో రాలిపోయిన సకారం అక్కడి మాటల్లో ఈనాటికీ గట్టిగా వినిపిస్తుంది. స్కర్దూ, స్తోక్ అనే ఊళ్ల పేర్లే చూడండి. లదాఖీ నోట ఖోర్ ఖోరే, స్కోర్ స్కోరే. అంటే లాసాలో పుస్తకానికే పరిమితమైన అక్షరం లేహ్ బజారులో బతికే ఉంది. ఆ అక్షరాలను రాతలోంచి తీసేస్తే లాసా పిల్లవాడికి కొంచెం సుఖం, నిజమే. కానీ ఖోర్లోకీ కోరాకీ చుట్టరికం తెగిపోతుంది. లదాఖీకీ లాసాకీ ఉన్న ఉమ్మడి రాత తెగిపోతుంది. పిల్లల కష్టం నాకు తెలియనిది కాదు, నా ఉద్యోగమే అది. ఆ జంటలు చూపించి, స ఉంటే చేయించడం అని చెబితే పిల్లలు చటుక్కున పట్టుకుంటారు. దారి అక్షరాన్ని కొట్టేయడం కాదు, అది ఎందుకుందో చెప్పడం.

ఇక్కడ మన ధాన్యకటకం, అంటే పాత అమరావతి, మాట చెప్పకుండా ఉండలేను. కాలచక్రమనే బౌద్ధ బోధ మొదట జరిగింది ధాన్యకటకంలోనే అని టిబెటన్ల నమ్మకం. 2006 జనవరిలో అమరావతిలో దలైలామా కాలచక్ర జరిపింది అందుకే. లాసా దగ్గర 1416లో కట్టిన గొప్ప విహారం డ్రేపుంగ్ పేరు మన ధాన్యకటకం పేరుకు టిబెటన్ రూపమే. డ్రే అంటే వరి, పుంగ్ అంటే కుప్ప పోసినది. దాన్ని స్పుంగ్ అని రాస్తారు. కుప్ప అనే నామవాచకం 'ఫుంగ్'. దాని ముందు స చేరితే కుప్ప పోయు అనే క్రియ. బౌద్ధుల పంచస్కంధాలలోని స్కంధకు కూడా వాళ్లు ఫుంగ్ అనే మాటనే వాడతారు. చూడండి, కృష్ణాతీరపు ఊరి పేరును మోస్తున్న మాటలోనే ఆ పలకని సకారం కూర్చుని ఉంది. అమరావతి గురించి రాసే మన పత్రికలు దాన్ని పనికిరాని అక్షరం అని ఎలా అంటాయి?

లాహు భాష సంగతి కూడా కొంచెం చెప్పాలి. యునాన్‌లో, బర్మా షాన్ కొండల్లో, ఉత్తర థాయిలాండ్‌లో లాహులున్నారు. అమెరికా పండితుడు జేమ్స్ మాటిసాఫ్ వాళ్ల భాష మీద ఏళ్ల తరబడి పనిచేసి, అందులోని ప్రేరణ రూపాల మీద 1976లో వ్యాసం రాశారు. తాగు అనడానికి వాళ్ల మాట 'దో', తాగించు అనడానికి 'తో'. ద కాస్తా త అయింది, శ్రుతి కూడా మారింది. తిను అనే మాటకూ తినిపించు అనే మాటకూ మధ్యనైతే హల్లు కూడా మారలేదు, రెండూ 'చా'నే, శ్రుతి ఒక్కటే తేడా. చంటిపిల్లకు అన్నం పెట్టే తల్లి ఆ తేడాను రోజూ పలుకుతూనే ఉంటుంది. రాలిపోయిన స ఆ శ్రుతిలో ఉందని ఆవిడకు తెలియనక్కర్లేదు.

ప్రతి జంటనూ ఈ సకారం ఖాతాలోనే వేయడానికి లేదని కూడా చెప్పాలి, లేకపోతే నేనూ ఏకపక్షంగా రాసినట్టవుతుంది. చైనాలో సిచువాన్ కొండల్లో జాఫుగ్ అనే భాష ఉంది. అందులో స ఉపసర్గ ఇప్పటికీ నిక్షేపంగా పనిచేస్తోంది, కొత్త క్రియలకు కూడా చేరుతుంది. కానీ అదే భాషలో ఎదురు దారి కూడా ఉంది. తెంపు అనడానికి 'ప్రత్', తెగు అనడానికి 'మ్‌బ్రత్'. అంటే చేసే క్రియే అసలుది. దానికి ముక్కు శబ్దం తగిలిస్తే దానంతటదే అయ్యే క్రియ పుట్టింది. ఫ్రెంచి పండితుడు గియోమ్ జాక్ ఈ భాష మీద చేసిన పని వల్ల ఇది తేటపడింది. పాత చైనీస్ విషయంలోనూ ఇదే పేచీ. ఓడిపోవు, ఓడించు అనే రెండు అర్థాలకూ వాళ్లకు ఒకే రాత. పాత ఉచ్చారణలో మాత్రం మొదటిదానికి బకారం, రెండోదానికి పకారం. ఓడించు అన్నదాని ముందు స ఉండి బను ప చేసిందని మేయ్ త్సులిన్ అనే పండితుడు అన్నారు. కాదు, ఓడిపోవు అన్నదాని ముందు ముక్కు శబ్దం ఉండి పను బ చేసిందని బాక్స్‌టర్, సగార్ అనే పండితులు అన్నారు. జాఫుగ్‌ను చూశాక నాకు రెండో వాదమే బలంగా కనిపిస్తోంది. బర్మీస్ జంటలకు మాత్రం నాకు స మార్గమే సరిపడుతోంది. ముక్కు శబ్దం వల్ల ఒత్తు పుట్టదు కదా.

ఇలా శబ్దంలో కరిగిపోయిన ప్రత్యయంతో ఒక ఇబ్బంది వస్తుంది. ఉన్న జంటలు ఉంటాయి, కొత్తవి పుట్టవు. ఈ రోజు బర్మీస్‌లోకి వచ్చిన కొత్త క్రియకు ఎవరూ ఒత్తు పెట్టి ప్రేరణార్థకం చేయలేరు. అప్పుడు భాష మళ్లీ కొత్తగా కట్టుకుంటుంది. బర్మీస్‌లో 'సే' అనే మాట క్రియ వెనక చేర్చి చేయించడం చెబుతారు. పురమాయించి చేయిస్తే 'ఖైన్'. నేను వండితే ఛెక్, ఇంకొకరి చేత వండిస్తే ఛెక్‌ఖైన్. మన వండు, వండించు లాగే. టిబెటన్‌లో 'జుక్' అనే క్రియ, ఆ మాటకు లోపల పెట్టడం అని అర్థం. మనకూ భయపెట్టు, బాధపెట్టు అనే మాటల్లో పెట్టు ఉందని గుర్తు చేసుకోండి. మణిపురిలో తిను అనే 'చా' వెనక 'హన్' చేర్చి 'చాహన్' అంటే తినిపించు. 1992లో రాజ్యాంగం 8వ షెడ్యూల్‌లో చేరిన భాష అది, దానికీ వ్యాకరణం లేదనేనా మనం రాసేది?

తెలుగులోనూ ఈ పొరలు ఉన్నాయి. తగ్గించు, నవ్వించు కొత్త పొర, చాలా క్రియలకు ఇంచు చేర్చుకోవచ్చు. ఆగు–ఆపు, మునుగు–ముంచు, నిండు–నింపు, తిరుగు–తిప్పు పాత పొర. తిప్పు కావ్యాల్లో త్రిప్పు. తిరుగులోని ర అక్కడ ఉంది, మన నోట్లో రాలిపోయింది. ఇప్పుడు తిరుగు, తిప్పు పక్కపక్కన పెడితే చిన్నపిల్లలకు చుట్టరికం కనిపించదు. నేను త్రిప్పు అని బోర్డు మీద రాసి చూపించేదాన్ని. భద్రిరాజు కృష్ణమూర్తి గారు తెలుగు క్రియాధాతువుల మీద చేసిన పరిశోధనను కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 1961లో అచ్చువేసింది. ఇలాంటి జంటలను తోటి ద్రావిడ భాషలతో పోల్చి విడదీసి చూపించారు ఆయన. బర్మా–టిబెట్ భాషలకు జరిగింది కూడా ఆ మాదిరి పనే. ఒక ఇంట్లో పోయిన అక్షరాన్ని చుట్టాలింట్లో వెతకడం.

సంపాదకులు గారూ, ఇంత రాసింది ఎవరినో తప్పుపట్టాలని కాదు. మణిపూర్, మిజోరాం, అరుణాచల్ పిల్లలు హైదరాబాద్‌లో, విశాఖలో చదువుతున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు. మీ భాషకు వ్యాకరణం ఉందా అని వాళ్లను అడిగే మనిషి మీ పత్రిక చదివి అడగకూడదు. ఆ రెండు వాక్యాలకు సవరణ వేయండి. ఇంకొక విన్నపం, మీ డెస్క్‌లో పనిచేసేవాళ్లకు. బర్మా, టిబెట్ పేర్లు ఇంగ్లీషు వార్తల నుంచి తెలుగులోకి తెచ్చేటప్పుడు ఒత్తులు ఇష్టం వచ్చినట్టు పెట్టడమో తీసేయడమో జరుగుతోంది. మొన్నటి వ్యాసంలోనే ఖోర్లోను కోర్లో అనీ, కోరాను ఖోరా అనీ వేశారు. మన లిపిలో క, ఖ వేరువేరుగా ఉన్నాయి. ఇంగ్లీషు పత్రికలకు లేని సౌకర్యం అది. తిరిగే చక్రానికి ఖ పెట్టండి, చుట్టే ప్రదక్షిణకు క పెట్టండి. అనుమానం వస్తే ముంబయి, ఢిల్లీ వార్తాసంస్థలను అడిగే బదులు మీ శ్రీకాకుళం విలేకరిని చంద్రగిరి పంపండి. దారిలో మా ఇంట్లో కాఫీ తాగి వెళ్లమనండి.

ఇట్లు,
రిటైర్డ్ తెలుగు ఉపాధ్యాయిని, పలాస, శ్రీకాకుళం జిల్లా